దెబ్బతిన్న సెఫలోటస్‌కు ఎండు స్ఫాగ్నం నాచు: వాడి చూశాక చెబుతున్న మాట

పార్సిల్‌లో కుండీ తలకిందులై, నలిగిపోయి వచ్చిన సెఫలోటస్ అనే కీటకాహారి మొక్కను బతికించుకోవడానికి ఈ నాచు కొన్నాను. న్యూజీలాండ్ నుంచి వచ్చే పొడవు పోగుల స్ఫాగ్నం ఇది. ఎండబెట్టి, గట్టిగా నొక్కి ఇటుకల్లా అమ్ముతారు. మొక్క కోలుకునే దశకు దీన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. సెఫలోటస్‌ను ఎప్పటికీ ఇందులోనే ఉంచడానికి మాత్రం వద్దంటాను.

సెఫలోటస్ ఫాలిక్యులారిస్ సహజంగా పెరిగేది పశ్చిమ ఆస్ట్రేలియాలోని నైరుతి మూలన మాత్రమే. దాని కుటుంబంలో మరో జాతి లేదు. చీమల్లాంటి పురుగులను పట్టే బుల్లి కూజాలు, అంటే కూజా ఆకారపు ఆకులు, నేలకు ఆనుకుని ఉంటాయి గానీ, ప్రాణమంతా మట్టి కింద పసుపు కొమ్ములా ఉండే కాండంలోనే, అంటే కొమ్ములోనే ఉంటుంది. పైనున్న ఆకులూ కూజాలూ పోయినా కొమ్ము గట్టిగా ఉంటే ఆశ వదులుకోకూడదు. నాకు అందిన మొక్కలో నడిమొగ్గ చితికిపోయింది, వేళ్లు చాలావరకు తెగిపోయాయి, కొమ్ము ఒక పక్క నల్లబడి మెత్తగా తగిలింది. స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో, లోపల తెల్లగా కనిపించేదాకా ఆ మెత్తని భాగాన్ని కోసేశాను.

ఇక నాచు సంగతి. ఇటుక నుంచి ఒక ముక్క విరిచి నీళ్లలో వేస్తే కాసేపటికే ఉబ్బి, వేలెడంత పోగులు విడివిడిగా వచ్చాయి. అక్కడక్కడా పుల్లలూ గడ్డిపరకలూ కనిపించాయి, ఏరేస్తే సరిపోయింది. అడుగున మాత్రం పొడి ఎక్కువగా ఉంది. ఆ పొడిని కుండీలో వేయకండి, గాలి ఆడే సందులను పూడ్చేస్తుంది.

స్ఫాగ్నం తన ఎండు బరువుకు 20 రెట్ల దాకా నీటిని పట్టి ఉంచగలదు. దాని ఆకుల్లో లోపల ఖాళీగా ఉండే మృతకణాలు ఉంటాయి, నీరు నిలిచేది వాటిలోనే. పైగా చుట్టూ ఆమ్లగుణాన్ని పెంచుతుంది కాబట్టి కుళ్లు తెచ్చే సూక్ష్మజీవులు తేలిగ్గా పెరగలేవు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల గాయాలకు ఈ నాచుతో కట్లు కట్టారు. కోత పడిన కొమ్ముకూ కావలసింది ఈ గుణాలే.

నా అభ్యంతరమల్లా ప్యాకెట్ మీది సూచనలతోనే. కుళాయి నీళ్లలో నానబెట్టి కుండీలో గట్టిగా అదమమని రాశారు. కీటకాహారి మొక్కలకు ఈ రెండూ చేటే. నీటిలోని లవణాలు నాచులో పేరుకుని వేళ్లను దెబ్బతీస్తాయి. వాననీరో, డిస్టిల్డ్ వాటరో, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మోతాదు) 50 పీపీఎం దాటని ఆర్‌ఓ నీరో వాడండి. నానాక చుక్క కారనంతవరకు గుప్పిట్లో పిండి, సమానంగా పర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు) కలిపి, కొమ్ము చుట్టూ వదులుగా సర్దండి. ఎరువు జోలికి పోవద్దు. ఎండ నేరుగా పడని వెలుతురులో పెట్టి, పైన పారదర్శకమైన మూత ఉంచి, రోజూ కాసేపు తీస్తూ ఉండండి.

ఆ తర్వాత చాలాకాలం పైకి ఏమీ కనిపించదు. తవ్వి చూడాలనిపిస్తుంది, చూడకండి. నా మొక్కలో కోసిన చోటికి కాస్త పక్కగా ఆవగింజంత ఎర్రటి మొగ్గ పొడుచుకొచ్చింది. దాని నుంచి ముందు మామూలు చదును ఆకులు వచ్చాయి. ఆ తర్వాతే, మూతి చుట్టూ పళ్లవరుసతో మొదటి కూజా తెరుచుకుంది. కొమ్ము నుంచి ఊడిన ఆకుల్లో మొదలు తెల్లగా, చెక్కుచెదరకుండా ఉన్నవాటిని కూడా ఇదే నాచులో గుచ్చాను. వాటిలో ఒకటి పిలక వేయడం నాకు ఇంకా పెద్ద సంతోషం.

కొత్త వేళ్లు పట్టాక మాత్రం పీట్ (చివికిన నాచు మట్టి), ఇసుక, పర్లైట్ కలిపిన మిశ్రమంలోకి మార్చేయాలి. నాచు కాలం గడిచేకొద్దీ చివికి అణిగిపోతుంది, కొమ్ము మొదట్లో తడి నిలుస్తుంది, సెఫలోటస్ దాన్ని ఓర్చుకోలేదు. నెపెంథిస్ అనే మరో రకం కూజా మొక్కను పెంచేవాళ్లు దీన్ని అంతకంటే ఎక్కువ కాలం వాడుకోవచ్చు. మిగిలిన ఇటుకను తడి తగలకుండా కట్టి ఉంచితే పాడవదు.