తెర మీద టేపు పట్టడం: పవర్‌టాయ్స్ స్క్రీన్ రూలర్‌ను చాలాకాలం వాడాక

హనుమకొండలో ఇళ్ళ ప్లాన్లు గీసి ఇచ్చే పనిలో ఉన్నవారి దగ్గర ఎలాగూ ప్లాన్లు గీసే ఆటోకాడ్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది కదా, తెర మీద దూరాలు కొలిచే ఈ చిన్న పనిముట్టు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. కాడ్‌లో గీసిన గీత పొడవును కాడే చెబుతుందన్న మాట నిజమే. అయితే మా దగ్గరికి కాడ్ ఫైళ్ళుగా వచ్చేవి తక్కువ. హసన్‌పర్తి వైపో మడికొండ వైపో ప్లాటు కొన్నవారు లేఅవుట్ బొమ్మను వాట్సాప్‌లో పంపి, తమ ప్లాటు చుట్టూ ఎర్ర గీత గీసి, ఇందులో తూర్పు ముఖం ఇల్లు పడుతుందా అని అడుగుతారు. పాత ఇంటి మీద అంతస్తు వేయాలనుకునేవారు నలిగిన బ్లూప్రింటును ఫోనుతో ఫొటో తీసి పంపుతారు. వీటిలో కొన్ని కొలతలు రాసి ఉంటాయి, కావలసినది మాత్రం రాసి ఉండదు. బొమ్మను కాడ్‌లోకి తెచ్చి, స్కేలు సరిచేసి, దాని మీద గీసుకుంటే జవాబు తప్పకుండా దొరుకుతుంది. కాని ఎదురుగా కూర్చున్న మనిషికి రెండు నిమిషాల్లో చెప్పవలసిన మాటకు అంత తతంగం అవసరం లేదు. నేను స్క్రీన్ రూలర్‌ను వాడటం మొదలుపెట్టింది ఇందుకోసమే, ఇప్పటికీ ఎక్కువగా వాడుతున్నది కూడా దీనికోసమే.

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ అనే పనిముట్ల మూటలో ఇదొకటి. పవర్‌టాయ్స్ అనే పేరు విండోస్ 95 కాలం నాటిది; మధ్యలో చాలా ఏళ్ళు కనిపించకుండా పోయి, 2019లో అందరూ చూడగలిగే సోర్స్ కోడ్‌తో మళ్ళీ మొదలైంది. స్క్రీన్ రూలర్ అందులోకి 2022లో వచ్చింది. కీబోర్డు మీద షార్ట్‌కట్ నొక్కగానే తెర పైభాగంలో మధ్యన చిన్న పట్టీ ఒకటి దిగుతుంది. అందులో కొలిచే పద్ధతులు నాలుగు: పెట్టె గీసి వెడల్పు, ఎత్తు తెలుసుకోవడం; అడ్డంగా, నిలువుగా ఒకేసారి కొలిచే కూడిక గుర్తు; అడ్డం మాత్రమే; నిలువు మాత్రమే. క్లిక్ చేస్తే అంకె కాపీ అయి క్లిప్‌బోర్డులోకి పోతుంది, ఎస్కేప్ నొక్కితే పట్టీ మాయమవుతుంది. నేర్చుకోవలసింది ఇంతకన్నా పెద్దగా ఏమీ లేదు.

పెట్టె గీసే పద్ధతి ఎవరికైనా అర్థమవుతుంది. మిగిలిన మూడింటి పనితీరే కాస్త వేరు, దీని విలువ కూడా అక్కడే ఉంది. కర్సర్ ఏ పిక్సెల్ మీద, అంటే తెర మీది ఏ చిన్న చుక్క మీద ఉందో ఆ రంగును ఇది చూస్తుంది. అక్కడి నుంచి ఇరువైపులా కదులుతూ, రంగు మారిన చోట ఆగి, ఆ మధ్య దూరాన్ని చెబుతుంది. గది మధ్యలో తెల్లని జాగాలో కర్సర్ ఉంచితే, ఈ గోడ గీత నుంచి ఆ గోడ గీత దాకా ఎన్ని పిక్సెళ్ళో లాగే పని లేకుండానే తెలిసిపోతుంది. చేయి వణకడం, గీత అంచు దగ్గర మౌసు జారడం అనే బాధ ఉండదు. శుభ్రమైన పీడీఎఫ్ మీద గది తర్వాత గదికి కర్సర్ జరుపుతూ పోతే ఇంటి మొత్తం కొలతలు కళ్ళ ముందే మారుతూ కనిపిస్తాయి.

వాట్సాప్ బొమ్మల దగ్గర మాత్రం ఈ పద్ధతి తడబడుతుంది, అందుకు కారణం పనిముట్టులో లేదు. జేపెగ్‌గా కుదించిన బొమ్మలో తెలుపు పూర్తిగా తెలుపుగా ఉండదు. నల్ల గీత చుట్టూ బూడిద రంగు మరకలు చేరుతాయి. మన కంటికి ఖాళీగా కనిపించే గదిలో రూలర్‌కు రంగు తేడా దొరుకుతుంది కాబట్టి కొలత గోడ దాకా పోకుండా ఎక్కడో మధ్యలో తెగిపోతుంది. దీనికోసమే రంగు తేడాను ఎంత వరకు పట్టించుకోకూడదో చెప్పే అమరిక ఇచ్చారు, అది 0 నుంచి 255 దాకా ఉంటుంది. కొలుస్తూనే మౌసు చక్రాన్ని పైకి తిప్పితే ఆ సహనం పెరుగుతుంది, కిందికి తిప్పితే తగ్గుతుంది. బ్లూప్రింటు ఫొటో మీద కర్సర్ పెట్టి చక్రాన్ని ఒక్కొక్క మెట్టే పైకి తిప్పుతుంటే, మొదట వేలెడంత ఉన్న గీత మరకలు దాటుతూ సాగి, గోడ అంచుకు చేరి నిలుస్తుంది. ఇంకా తిప్పితే పలచటి గోడను కూడా దాటి పక్క గదిలోకి పోతుంది. ఆ రెండింటి మధ్య, చక్రం తిప్పినా అంకె కదలని చోటు ఒకటి ఉంటుంది. నేను నమ్మేది ఆ అంకెనే. అలాంటి నిలకడ దొరకకపోతే ఆ బొమ్మను ఆటోమేటిక్‌గా కొలవడం మానేసి పెట్టె గీసుకోవడమే మేలు.

పిక్సెళ్ళను అడుగులుగా మార్చడానికి బొమ్మలో పొడవు తెలిసిన గీత ఒక్కటి చాలు. లేఅవుట్‌లో 33 అడుగుల రోడ్డు అని రాసి ఉండి, అది తెర మీద 132 పిక్సెళ్ళు వచ్చిందనుకుందాం. అంటే అడుగుకు 4 పిక్సెళ్ళు. పక్కనున్న ప్లాటు ముఖం 120, లోతు 240 పిక్సెళ్ళు వస్తే అది 30 అడుగులు, 60 అడుగులు, మొత్తం 1800 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 200 గజాలు. కాగితం మీద రాసిన గజాలకు ఇది కలిస్తే బొమ్మ స్కేలు ప్రకారమే గీశారని ధైర్యం వస్తుంది. కలవకపోతే, కొలత రాయని మూల ప్లాటు గురించి ఆ బొమ్మను పట్టుకుని ఏదీ చెప్పకూడదు. ఒక్క రోడ్డు మీదే ఆధారపడకుండా, అడ్డంగా ఒక తెలిసిన కొలతను, నిలువుగా మరో తెలిసిన కొలతను సరిచూసుకోవాలి. పుటలో ఇరికించడానికి బొమ్మను ఒకవైపు సాగదీసినవారు ఉంటే, అడుగుకు వచ్చే పిక్సెళ్ళు రెండు దిక్కుల్లో వేరుగా వచ్చి విషయం బయటపడుతుంది. ఫొటోను పక్క నుంచి తీసి ఉంటే ఎడమ అంచు ఎత్తు, కుడి అంచు ఎత్తు సమానంగా రావు. అలాంటి ఫొటోను ముందు సరిచేసుకోకుండా ఏ రూలర్‌తో కొలిచినా ఫలితం ఉండదు.

ఇక్కడ కస్టమర్లకు నేను తరచుగా చెప్పవలసి వచ్చే లెక్క ఒకటి ఉంది. అడుగుకు 4 పిక్సెళ్ళు ఉన్న బొమ్మలో ఒక్క పిక్సెల్ అంటే మూడు అంగుళాలు. 30 అడుగుల ముఖం 120కి బదులు 119గా వస్తే 29 అడుగుల 9 అంగుళాలు అవుతుంది. 60 అడుగుల లోతుకు అది ఒకటిన్నర గజానికి పైగా తేడా. గీత మందమే రెండు పిక్సెళ్ళు ఉన్నప్పుడు గీత లోపలి అంచు నుంచి కొలిచామా, మధ్య నుంచి కొలిచామా అన్నదానిమీదే ఇంత తేడా రావచ్చు. జూమ్ చేస్తే సరిపోతుంది కదా అని అంటారు. గీతలు గీతలుగానే నిల్వ ఉన్న పీడీఎఫ్ అయితే నిజంగానే సరిపోతుంది. దాన్ని పెంచుకుంటూ పోయి అడుగుకు 14 పిక్సెళ్ళు వచ్చేలా చేస్తే ఒక పిక్సెల్ అంగుళం కంటే తక్కువకు దిగుతుంది. ఫొటోను, స్కానును ఎంత పెంచినా కొత్త వివరం పుట్టదు; ఉన్న అంచే వెడల్పుగా పరుచుకుని, ఎక్కడ ఆగాలో రూలర్‌కూ తెలియదు, మనకూ తెలియదు. అందుకే ఫైలు అడిగేటప్పుడు ఫొటో కాకుండా పీడీఎఫ్ పంపమని, అదీ వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమని పట్టుబడతాను. రిజిస్ట్రేషన్‌కో హద్దు తగాదాకో ఈ కొలతలు పనికిరావు, అక్కడ టేపు పట్టుకుని నేల మీద నడవవలసిందే.

వ్యవసాయ భూమి నక్షాలకు మాత్రం అదే ఉజ్జాయింపు చాలా పనికొస్తుంది. గుంట అంటే 121 గజాలు, చదరంగా చూస్తే 33 అడుగులకు 33 అడుగులు. స్కేలు తెలిసిన నక్షాలో అడుగుకు 2 పిక్సెళ్ళు పడితే గుంటకు 66 × 66 పెట్టె. షిఫ్ట్ నొక్కిపట్టి గీసిన పెట్టెలు చెరిగిపోకుండా తెర మీదే నిలుస్తాయి కాబట్టి, వంకర గట్లున్న మడిలో అలాంటి పెట్టెలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోయి, అంచుల్లో మిగిలిన ముక్కలను కంటి అంచనాతో కలుపుకుంటే, ఎన్ని గుంటలు రావచ్చో దాదాపుగా తెలిసిపోతుంది. చాలాకాలంగా వాడుతున్నవారిలో కూడా ఈ షిఫ్ట్ సంగతి తెలియనివారు ఉన్నారు.

దీనిలో నాకు కొట్టొచ్చినట్టు కనిపించే లోటు ఏటవాలు కొలత. అడ్డం, నిలువు తప్ప మూల నుంచి మూలకు దూరం చెప్పదు. లేఅవుట్లలో రోడ్డు వంపు దగ్గరి ప్లాట్లన్నీ ఏటవాలు గీతలే కాబట్టి ఇది చిన్న విషయమేమీ కాదు. పెట్టెను ఆ రెండు మూలలకు తగిలేలా గీసి, వెడల్పు వర్గాన్నీ ఎత్తు వర్గాన్నీ కలిపి వర్గమూలం తీస్తే దూరం వస్తుంది. మూలమట్టం చూడటానికి మేస్త్రీలు వాడే 3, 4, 5 లెక్కే ఇది. పెట్టె 90 × 120 వస్తే ఏటవాలు 150. విండోస్ కాలిక్యులేటర్ పక్కన తెరిచి పెట్టుకుంటే పని జరుగుతుంది, కాని కంప్యూటరే చేయగల లెక్కను మనిషి చేయవలసి రావడం నాకు రుచించదు. ఏటవాలు కొలతలే ఎక్కువగా ఉండేవారు దీన్ని నమ్ముకోకుండా, తెర మీద తేలుతూ ఎటైనా తిప్పుకోగలిగే స్కేలు లాంటి ప్రోగ్రాములు చూసుకోవడం మంచిది.

పిక్సెళ్ళతో పాటు అంగుళాలు, సెంటీమీటర్లు, మిల్లీమీటర్లు చూపే వీలు కూడా సెట్టింగుల్లో ఉంది. నేను వాటిని వాడను. తెర మీది దూరాన్ని నిజమైన మిల్లీమీటర్లలో చెప్పాలంటే ఆ తెర పిక్సెల్ ఎంత పెద్దదో తెలియాలి. విండోస్‌లో స్కేలింగు (తెర మీది అక్షరాలను, బొమ్మలను పెంచి చూపే అమరిక) 100 శాతం ఉన్నప్పుడు అంగుళానికి 96 పిక్సెళ్ళు అన్నది పాతకాలం నుంచి వస్తున్న ఒప్పందమే తప్ప ఏ తెరనూ కొలిచి పెట్టింది కాదు. నా బల్ల మీదున్న 21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి సుమారు 102 పిక్సెళ్ళు, 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో 141. ఏటీఎం కార్డులన్నీ ఒకే ప్రమాణంలో 85.6 మిల్లీమీటర్ల పొడవుతో ఉంటాయి కాబట్టి పరీక్ష చాలా తేలిక. కార్డును తెరకు ఆనించి రెండు అంచుల మధ్య పెట్టె గీస్తే, మానిటర్ మీద దాదాపు 345 పిక్సెళ్ళు, ల్యాప్‌టాప్ మీద 476 వస్తాయి. వీటిని 96 లెక్కన మారిస్తే ఒకే కార్డు ఒకచోట 91 మిల్లీమీటర్లు, మరోచోట 126 మిల్లీమీటర్లు అవుతుంది. అందుకని మిల్లీమీటర్ చూపించే ప్రోగ్రాము ఏదైనా సరే, మీ తెర మీద కార్డుతో సరిచూసుకున్నాకే దాని మాట వినండి. విజిటింగ్ కార్డులు, శుభలేఖలు డిజైన్ చేసేవారికి ఇది మరీ ముఖ్యం. వారికైతే అసలు సైజులో ఒక ప్రింటు తీసి దాని మీద స్టీలు స్కేలు పెట్టడాన్ని మించిన దారి లేదు.

వెబ్‌సైట్లు చేసేవారికి ఇంకో చిక్కు ఉంది. స్కేలింగు 125 శాతం పెట్టుకున్న ల్యాప్‌టాప్‌లో, బ్రౌజరు కోడ్‌లో 100 పిక్సెళ్ళని రాసిన పెట్టె తెర మీద 125 పిక్సెళ్ళను ఆక్రమిస్తుంది. మా కాంప్లెక్సులో వెబ్ పని చేసే కుర్రవాడు కొలత కోసం స్కేలింగును 100 శాతానికి దించుకుంటాడు. వచ్చిన అంకెను 1.25తో భాగించుకుంటే సరిపోతుందని నేనంటే, రోజంతా భాగహారాలు ఎవరు చేస్తారన్నా అంటాడు.

ఇంటి ప్లాన్లకు సంబంధం లేని ఒక వాడకం గురించి కూడా చెప్పాలి. వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ నేతలో పువ్వు గానీ నక్షత్రం గానీ మెట్లు మెట్లుగానే వస్తుంది, అందుకే డిజైన్‌ను గళ్ళ కాగితం మీద వేసుకుంటారు. అక్కడ డిజైన్లు వేసే మిత్రుడొకరు పాత జంపఖానాల ఫొటోల నుంచి గ్రాఫులు తిరిగి గీసేటప్పుడు ఈ రూలర్‌నే వాడుతున్నారు. ఒక పువ్వు వెడల్పు 276 పిక్సెళ్ళు ఉండి అందులో 23 మెట్లు లెక్కకు వస్తే మెట్టుకు 12 పిక్సెళ్ళు; అదే 12 పిక్సెళ్ళ గడిని ఫొటో మీద పరిస్తే రంగులు గడుల్లోకి కుదురుకుంటాయి. ఒక మెట్టును కొలిచి 23తో హెచ్చించడం కంటే మొత్తం కొలిచి 23తో భాగించడమే నయం, ఎందుకంటే మొదటి పద్ధతిలో పిక్సెల్ తప్పు కూడా 23 రెట్లవుతుంది. అంచు మెట్లకూ మధ్య మెట్లకూ అంకె కలవకపోతే జంపఖానాను నేల మీద పరచి నిలబడి పక్క నుంచి ఫొటో తీశారని అర్థం, అప్పుడు ఆయన ఇంకో ఫొటో అడుగుతారు.

తీసుకోవాలనుకునేవారు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. స్క్రీన్ రూలర్ విడిగా దొరకదు. పవర్‌టాయ్స్ మొత్తాన్ని పెట్టుకోవాలి, అక్కర్లేని పనిముట్లను సెట్టింగుల్లో ఒక్కొక్కటిగా ఆపేయవచ్చు. ఉన్న షార్ట్‌కట్ మీరు వాడే సాఫ్ట్‌వేర్‌లోని దేనితోనైనా ఢీకొంటే మార్చుకునే వీలుంది. కొలుస్తున్నంతసేపూ తెరను ఎడతెగకుండా చదివే అమరికను, కదిలే బొమ్మల మీద పని లేనివారు ఆపి ఉంచాలి. ఆపి ఉంచితే మొదలుపెట్టిన క్షణాన తెర ఎలా ఉందో దాన్నే కొలుస్తుంది, పాత కంప్యూటర్ మీద బరువు పడదు. దీని ఫలితం ఒక్కటి గుర్తుంచుకోవాలి: అలా ఆపి ఉంచినప్పుడు కొలత మధ్యలో కింద ఉన్న బొమ్మ మారితే రూలర్‌కు ఆ సంగతి తెలియదు కాబట్టి, జూమ్ మార్చవలసి వచ్చినప్పుడల్లా ఎస్కేప్ నొక్కి, బొమ్మను సరిచేసుకుని, మళ్ళీ మొదటి నుంచి తెరవాలి. జూమ్ మారితే అడుగుకు ఇన్ని పిక్సెళ్ళన్న లెక్క కూడా మారిపోతుంది కనుక తెలిసిన రోడ్డునే మళ్ళీ ఒకసారి కొలుచుకుని మొదలుపెట్టాలి.