వాజిక్ మేలా, అపెమ్ మేలా? జావా పిండివంటల్లో దేని అర్థం లోతు

ఇండోనేసియాలోని జావా దీవిలో పెళ్లికీ, పురిటికీ, చావుకీ ఒక్కోదానికి ఒక్కో పిండివంట ఉంది. కడుపుతో ఉన్నావిడకు ఏడో నెలలో జావలో ఒలిచిన అరటిపండు వేసి 'జెనాంగ్ ప్రొచొత్' చేస్తారు, కాన్పు సులువుగా అవ్వాలని. బిడ్డకు పేరు పెట్టేటప్పుడు ఎర్ర జావ, తెల్ల జావ వండుతారు. ఎరుపు తల్లికి, తెలుపు తండ్రికి గుర్తు. ఇన్నిటిలోనూ నన్ను బాగా పట్టుకున్నవి రెండు. పెళ్లింటి వాజిక్ ఒకటి, పోయినవాళ్ల పేరున చేసే అపెమ్ ఇంకోటి. అర్థం విషయంలో నా ఓటు అపెమ్‌కే. అలాగని వాజిక్ తక్కువదేం కాదు.

వాజిక్‌కు జిగురు బియ్యాన్ని ఆవిరి మీద ఉడికించి, బెల్లం, కొబ్బరిపాల పాకంలో వేసి దగ్గరపడేదాకా కలుపుతూనే ఉండాలి. అరిసెల పాకం పట్టినవాళ్లకు ఆ చేతినొప్పి తెలుసు. తర్వాత పళ్లెంలో పరిచి డైమండ్ ముక్కలుగా కోస్తారు. మగపెళ్లివారు తెచ్చే సారెలో దీనికి తోడు 'జాదా' కూడా ఉంటుంది. అది జిగురు బియ్యం, కొబ్బరి కలిపి దంచిన తెల్లటి ముద్ద. రెండూ చేతికి అతుక్కుంటాయి. ఆలుమగలు అలా విడిపోకుండా ఉండాలని కోరిక. ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు, ముక్క నోట్లో పెట్టుకుంటేనే తెలిసిపోతుంది. జాదాకు ఇంకో పని కూడా ఉంది. బిడ్డ మొదటిసారి నేల మీద కాలు మోపే 'తెడక్ సితెన్' వేడుకలో ఏడు రంగుల జాదా మీద నడిపిస్తారు. జావా లెక్కలో 35 రోజులకో ఆవృత్తి, అలాంటివి ఏడు నిండాక, అంటే 245 రోజులకు ఈ వేడుక. బతుకులో ఎన్ని రకాల దారులు ఎదురైనా బిడ్డ దాటుకుంటూ పోవాలని పెద్దల ఆశ.

ఇంత అందమైన కోరికే అయినా అది ఒక జంట కోసం, ఒక బిడ్డ కోసం. అపెమ్ ఇంటి గడప దాటి పోతుంది.

బియ్యప్పిండిలో కొబ్బరిపాలు, పంచదార కలిపి పులియబెట్టి చేసే మెత్తటి రొట్టె ఇది. కేరళ అప్పం తిన్నవాళ్లకు కొత్తగా అనిపించదు. రంజాన్‌కు ముందు వచ్చే రువా నెలలో జావా ఊళ్లలో సమాధులు శుభ్రం చేసి, పెద్దలను తలుచుకుని, అపెమ్‌తో పాటు జిగురు అన్నం, 'కోలక్' అనే తీపి పులుసు ఇరుగుపొరుగుకు పంచుతారు. అపెమ్ అనే పేరు క్షమాపణకు అరబ్బీలో ఉన్న మాట నుంచి వచ్చిందని అక్కడ చెప్పుకుంటారు. పేరు ఎలా వచ్చినా, పోయినవాళ్ల తప్పులు మన్నించమని దేవుణ్ణి అడుగుతూ బతికున్న పొరుగువాళ్ల చేతిలో రొట్టె పెట్టడం నాకు చాలా గొప్పగా తోస్తుంది. మాటామాటా వచ్చి మొహాలు చూసుకోని ఇంటికి కూడా ఆ రోజు పళ్లెం వెళ్లడానికి ఒక సాకు దొరుకుతుంది.

రాజుగారి ఇంట్లోనూ దీనికి చోటుంది. జావాలోని యోగ్యకర్త నగరపు కోటలో సుల్తాన్ పట్టాభిషేక వార్షికోత్సవానికి రాణి, రాచకుటుంబపు ఆడవాళ్లు స్వయంగా అపెమ్ పోస్తారు. వాటిని సుల్తాన్ ఎంత పొడవుంటే అంత ఎత్తున పేరుస్తారు కూడా. క్లాతెన్ అనే ఊరి దగ్గర జతినోమ్‌లోనైతే జావా పంచాంగంలోని సపర్ నెలలో ఒక శుక్రవారం నమాజు తర్వాత టన్నుల కొద్దీ అపెమ్‌లను జనం మీదికి విసురుతారు. కి అగెంగ్ గ్రిబిగ్ అనే మతగురువు మొదలుపెట్టిన ఆచారమని నమ్మకం. శుభమని జనం ఎగబడతారు. నిజం చెప్పాలంటే ఆ తోపులాట కంటే వీధిలో ఇంటింటికీ పళ్లెం తిరగడమే నాకు నచ్చుతుంది.

రుచి చూస్తే వాజిక్‌దే పైచేయి, సందేహం లేదు. బెల్లం దండిగా పడుతుంది కాబట్టి నాలుగు రోజులు నిలవ కూడా ఉంటుంది. కొబ్బరిపాలతో పులిసిన అపెమ్ ఒకటి రెండు రోజుల్లో పాడైపోతుంది. దాచుకోవడానికి వీల్లేదు, చేసిన రోజే పంచెయ్యాలి. నాకైతే అది లోపం అనిపించదు, దాని పనే అది. ఇప్పుడు చాలామంది కొట్లో ఆర్డర్ ఇచ్చి తెప్పిస్తున్నారని పెద్దవాళ్లు నొచ్చుకోవచ్చు. కానీ అర్థం పంచడంలో ఉన్నప్పుడు కొన్న అపెమ్ కూడా అదే పని చేస్తుంది.

యోగ్యకర్త వెళ్లేవాళ్లు బెరింగ్‌హార్జో మార్కెట్‌లో ముందు వాజిక్ తినండి. అపెమ్‌ను మాత్రం వీలైతే రువా నెలలో, ఎవరైనా ఇంటికి పిలిస్తే వాళ్లింట్లో తినండి.