ఫైబర్ ఇంటర్నెట్ కంపెనీ ఫోన్ సహాయ సేవ: రెండు స్టార్లు

మా ఇంట్లో వాడుతున్న ఫైబర్ ఇంటర్నెట్ వేగం గురించి నాకు ఫిర్యాదు ఏమీ లేదు. నా అసంతృప్తి అంతా దాని ఫోన్ సహాయ సేవ మీదనే, అయితే ఫోన్ ఎత్తేవారి మీద మాత్రం కాదు. మాదాపూర్‌లో కొంతకాలం అదే ఉద్యోగం చేసినందువల్ల ఈ తేడా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఇటీవల మోడెమ్ మీద ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా వెలిగింది. అలా వెలిగిందంటే ఫైబర్ ద్వారా రావలసిన కాంతి సంకేతం మోడెమ్‌కు అందడం లేదని అర్థం. సాధారణంగా కేబుల్ తెగడమో, బాగా వంగిపోవడమో, కనెక్టర్ ఊడిపోవడమో కారణమవుతుంది కాబట్టి లైన్‌మ్యాన్ వచ్చి చూడవలసిందే. కేబుల్ సరిగానే బిగించి ఉందని, లైటు ఎర్రగా ఉందని మొదటే చెప్పినా, అవతలి అమ్మాయి “సార్, ఒక్కసారి మోడెమ్ ఆఫ్ చేసి, కాసేపాగి ఆన్ చేస్తారా?” అని అడిగింది. అడగక ఆమెకు తప్పదు. స్క్రిప్టులోని ప్రశ్నలు దాటవేసి టికెట్ (ఫిర్యాదు నమోదు) వేస్తే నాణ్యత తనిఖీలో మార్కులు పోతాయి, అన్నీ అడుగుతూ కూర్చుంటే కాల్ సమయం పెరిగిందని టీమ్ లీడర్ నిలదీస్తారు. లైన్‌మ్యాన్‌తో నేరుగా మాట్లాడే వీలు లేకపోయినా “సాయంత్రంలోగా వస్తారండి” అని హామీ ఇవ్వవలసి రావడం, ఆ ఉద్యోగంలో నన్ను తిట్ల కంటే ఎక్కువగా బాధించేది.

ఆ సాయంత్రం ఎవరూ రాలేదు కానీ, సమస్య పరిష్కారమైందని మెసేజ్ మాత్రం వచ్చింది. మర్నాడు ఫోన్ చేస్తే వేరొకరు ఎత్తారు, కథంతా మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది. నూటికి 95 కాల్స్‌ను ఆపరేటర్లు 90 సెకన్లలోగా ఎత్తాలన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రమాణం. ఎత్తడంలో ఈ కంపెనీ నన్ను ఎక్కువసేపు నిలబెట్టలేదు. పని పూర్తి కాకుండానే టికెట్ మూసివేయడమే అసలు లోపం, దానికి జవాబు చెప్పవలసినవారు ఎప్పుడూ ఫోన్‌లో దొరకరు.

కాల్ ముగిశాక అడిగే రేటింగ్ సాధారణంగా ఉద్యోగి లెక్కలోకి వెళుతుంది, కంపెనీ మీది కోపం దయచేసి అక్కడ చూపకండి. ఫిర్యాదు నంబరు తప్పకుండా తీసుకోండి. పరిష్కారం నచ్చకపోతే 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం 30 రోజుల్లోగా కంపెనీ అప్పీలు అధికారికి రాయవచ్చు, వారు 39 రోజుల్లోగా తేల్చాలి. నా అప్పీలు పంపించాను.