ఊడదీసే ల్యాప్‌టాప్ మోజులో నాలా ఇరుక్కోకండి

ఏ కంపెనీయో నేను చెప్పక్కర్లేదు, ఏడాదికో వింత వదులుతారు చూడండి, వాళ్లే. స్క్రీన్ ఊడదీస్తే ట్యాబ్లెట్, తగిలిస్తే ల్యాప్‌టాప్, ఆ మోడల్. ఏడాదిన్నర కూడా కాలేదు, మొన్న చార్జింగ్ ఆగిపోయింది. చూస్తే ఆ మ్యాగ్నెట్ కేబుల్ చివర ఆరు పిన్నుల్లో ఒకటి నల్లగా మాడి లోపలికి దిగిపోయింది. సూదిమొనంత ముక్క, అంతే. మామూలు యూఎస్‌బీ సీ పెట్టి ఉంటే పక్కవాడి చార్జర్ అడిగి పని కానిచ్చేవాణ్ణి, వీళ్లకి అందరిలా ఉండటం నామోషీ కదా, సొంత పోర్టు!

కస్టమర్ కేర్ చాట్‌లో నలభై నిమిషాలు కూర్చున్నా. ఫొటో అంటే పంపా, సీరియల్ నంబర్ అంటే ఇచ్చా. చివరికి "సర్, ఆ మోడల్ ఆపేశాం, కేబుల్ ఇక రాదు" అన్నారు. అక్కడితో ఊరుకున్నా సరిపోయేది, దాని కిందే ఒక నవ్వు బొమ్మ పెట్టి "మా కొత్త మోడల్ చూస్తారా?" అని లింకు! సిగ్గులేకుండా నొక్కి చూశా కూడా. దాంట్లో ఉన్నది మామూలు యూఎస్‌బీ సీ. అంటే ఆ పోర్టు దండగని వాళ్లకీ తెలుసు, వాళ్లు సర్దుకున్నారు, నా చేతిలో పలక మిగిల్చారు. నేను తిట్టు టైప్ చేసేలోపే "మీ సమస్య తీరిందా? రేటింగ్ ఇవ్వండి" అని చాట్ మూసేశారు. రేటింగ్ కావాలట!

బుద్ధి నాకుండాలి లెండి. 1998లో యాపిల్ వాళ్లు ఐమ్యాక్ కంప్యూటర్‌లో ఫ్లాపీ డ్రైవ్ (అప్పట్లో ఫైళ్లు దాచే డిస్కులు పెట్టే అర) పీకేస్తే అందరూ నవ్వారు, తర్వాత ఎంత హిట్టయిందో చూశారా అని నలుగురికి లెక్చర్లు దంచింది నేనే. అదే యాపిల్ 2000లో తెచ్చిన జీ4 క్యూబ్ కంప్యూటర్ ఏడాది తిరక్కుండానే అటకెక్కిందని, సర్ఫేస్ ఆర్‌టీ ట్యాబ్లెట్ దెబ్బకి మైక్రోసాఫ్ట్ 2013లో 90 కోట్ల డాలర్లు నష్టం రాసుకుందని కొనేటప్పుడు గుర్తొస్తేగా. పైగా ఐమ్యాక్‌లో ఫ్లాపీ తీసినా యూఎస్‌బీ ఉంది, వేరే కంపెనీ డ్రైవ్ తెచ్చి తగిలించుకున్నారు జనం. నేనేం తగిలించుకోను?

వెరైటీ కావాలనుకుంటే ముందు చార్జరు, బ్యాటరీ బయట దొరుకుతాయో లేదో వెతుక్కోండి. ఎవరి దగ్గరైనా ఆ పాత కేబుల్ పడి ఉంటే చెప్పండి ప్లీజ్, సెకండ్ హ్యాండ్ అయినా తీసుకుంటా, నా ఫైళ్లన్నీ ఆ పలకలోనే ఉండిపోయాయి.