మా చీనీ జ్యూస్ అంగడి బోర్డు రాసిన పెద్దాయన గురించి

అనంతపురంలో బెంగళూరు రోడ్డు మీద మాది చిన్న చీనీ (బత్తాయి) జ్యూస్ అంగడి. ఏడాదిలో రెండు బోర్డులు చేయించాం. మొదటిది ఒక ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులో, రెండోది టవర్ క్లాక్ దగ్గర సందులో కుంచెతో రాసే ఒక పెద్దాయన దగ్గర. ఈ రివ్యూ ఆ పెద్దాయన కోసమే, కానీ మొదటి బోర్డు సంగతి చెప్పకపోతే ఆయన విలువ తెలీదు.

ఫ్లెక్స్ వాళ్లకు ఫోన్లోనే చెప్పాను, పైన తెలుగులో ‘చీనీ జ్యూస్’, కింద ఇంగ్లీషులో ‘చిల్డ్ జ్యూస్’, అంటే చల్లటి జ్యూస్ అని. టైపు చేసే పిల్లోడు చెవికి ఎట్లా వినపడిందో అట్లే కొట్టాడు. ఒక ఎల్, ఒక ఈ ఎగిరిపోయి చిల్డ్ కాస్తా చైల్డ్ అయింది. పసిపిల్లల జ్యూస్! సాయంత్రానికి బోర్డు కట్టేసి పోయారు, మేమూ చూసుకోలేదు. వారం తర్వాత కాలేజీ పిల్లలు దాని కింద నిలబడి సెల్ఫీలు దిగుతుంటే తెలిసింది. అడిగితే ‘మీరు చెప్పిందే కొట్టినాం’ అన్నారు, మళ్లీ కొట్టాలంటే మళ్లీ డబ్బులన్నారు. చాలా బాధేసింది.

ఒసాకాలో ఉద్యోగం చేసే మా తమ్ముడికి ఫోటో పంపితే పడీపడీ నవ్వి, అక్కడ జరిగే ఇట్లాంటి తప్పుల సంగతి చెప్పాడు. జపనీస్‌లో ర, ల అని రెండు వేరే ధ్వనులు లేవంట, రెంటికీ ఒకటే, అందుకని ఇంగ్లీషులో ఆర్ రాయాలో ఎల్ రాయాలో చెవి చెప్పదు, ఫ్రెష్ జ్యూస్ ఫ్లెష్ జ్యూస్ అయిపోతుంది, అంటే మాంసం రసం. రైస్ కూడా లైస్ అయి తలలో పేలు అనే అర్థం వస్తుంది. 2019లో ఒసాకా మెట్రో ఇంగ్లీషు వెబ్‌సైట్‌లో సకాయిసుజి లైన్‌ను ‘సకాయి మజిల్’ అని పెట్టేశారట. ఆ ఊళ్లో ఉత్తర దక్షిణాలుగా పోయే పెద్ద వీధుల్ని ‘సుజి’ అంటారు, అదే అక్షరానికి కండ అని కూడా అర్థముంది, అనువాదం కంప్యూటర్‌కు వదిలేస్తే అది కండనే పట్టుకుంది. చివరికి ఆ పేజీలే మూసేయాల్సి వచ్చింది. అంత పెద్ద మెట్రోలోనూ, మా చిన్న అంగడిలోనూ జరగని పని ఒకటే, జనం ముందు పెట్టకముందు ఒక మనిషి కూర్చుని చదవడం.

పెద్దాయన దగ్గర ఆ చదవడమే సగం పని. ‘నాకు ఇంగ్లీషు రాదు నాయనా, అక్షరాలే వచ్చు, నువ్వే రాసియ్యి’ అని నోటుబుక్కు చేతికిచ్చాడు. రేకు మీద నీలం రంగు పూసిన దారం లాగి గీత కొట్టి, సుద్దతో అక్షరాలు వేశాక నన్ను ఎదురుగా నిలబెట్టి చివరి నుంచి వెనక్కి చదవమన్నాడు. డీ, ఈ, ఎల్, ఎల్, ఐ, హెచ్, సీ. ముందు నుంచి చదివితే కన్ను మాటను చూస్తుంది గానీ అక్షరాన్ని చూడదంట. నేను ఒక్కో అక్షరం పలికితే ఆయన దాని కింద సుద్దతో చుక్క పెట్టుకుంటూ పోయాడు, అన్ని చుక్కలూ పడ్డాకే రంగు డబ్బా మూత తీశాడు.

ఇంకో మాట కూడా అడిగాడు, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు చీనీ అంటే తెలీదు కదా, బత్తాయి అని రాయమంటావా అని. చీనీయే ఉండాలన్నాను. అయితే పక్కన కాయ బొమ్మ వేస్తానన్నాడు, పచ్చగా ఒకటి, సగం కోసింది ఒకటి, బొమ్మకు పైసా తీసుకోలేదు.

లోపాలూ చెప్పాలి. ఒక్కరోజులో అవ్వదు, మాకు నాలుగు రోజులు పట్టింది. ఫోటోలు, మెరిసే లైట్లు కావాలంటే ఆయన దగ్గర దొరకవు. ఎనిమిది అడుగులకు మూడడుగుల బోర్డుకు రేకుతో కలిపి 2,600 అయింది, ఫ్లెక్స్ కన్నా చాలా ఎక్కువే. కానీ మా ఎండలకు ఫ్లెక్స్ ఆరు నెలల్లోనే వెలిసిపోయింది, ఇది రెండు వేసవులు చూసింది, ఎరుపు ఇంకా ఎరుపుగానే ఉంది.

పొద్దున పదికల్లా పోతే ఖాళీగా దొరుకుతాడు. ఏం రాయించాలో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకుని పోండి, ఫోన్లో చెప్తే ఆయన ఒప్పుకోడు.