క్యారవాన్‌లో మూడు రోజులు: రామప్ప, లక్నవరం, ఆరిపోయిన లైట్లు

క్యారవాన్ అద్దెకిచ్చినవాళ్లు మా డిపాజిట్‌లోంచి 3,500 రూపాయలు కోసుకున్నారు. "బ్యాటరీ మొత్తం దించేసి పాడు చేశారు" అన్నది వాళ్లు చెప్పిన కారణం. బ్యాటరీ పాడు కాలేదు. ములుగులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ మా కళ్ల ముందే మీటరు పెట్టి చూపించాడు. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

బండి హైదరాబాద్‌లో తీసుకున్నాం. అద్దె రోజుకు 6,500, డీజిలు మనదే, డిపాజిట్ 10,000. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మామయ్య. మొదటి రోజు హనుమకొండలో వేయిస్తంభాల గుడి, భద్రకాళి దర్శనం హాయిగా జరిగిపోయాయి. రాత్రి ఒక హోటల్ ఆవరణలో బండి పెట్టుకోనిచ్చి ప్లగ్గు కూడా ఇచ్చారు, 300. బండిలో ఇంటి కరెంటు మీద నడిచే ట్యూబ్‌లైటు వేరే ఉంది. రాత్రంతా అదే వేసుకున్నాం కాబట్టి బ్యాటరీ లైట్ల లోపం ఆ రోజు బయటపడలేదు.

రెండో రోజు రామప్ప. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. మామయ్య ఆ నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) దగ్గర గంటసేపు కదల్లేదు. ఎండ తగ్గాక లక్నవరం చేరి, పిల్లల్ని వేలాడే వంతెన దాటించి, చెరువు దారిలో ఒక తోటలో 200 ఇచ్చి ఆగాం. అక్కడ కరెంటు లేదు, బ్యాటరీయే దిక్కు.

ఏడున్నరకు ఫ్యాన్ వేస్తే లైట్లు మసకబారాయి. గిన్నెలు కడగడానికి నీళ్ల పంపు ఆన్ చేయగానే పూర్తిగా ఆరిపోయాయి. పంపు ఆపితే మళ్లీ మిణుకు మిణుకు. ప్యానెల్‌లో మాత్రం బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది. లెడ్ బ్యాటరీకి 12.6 అంటే దాదాపు నిండుగా ఉన్నట్టే. ఖాళీ అయితే పన్నెండు కిందికి పడిపోవాలి.

బండి వాళ్లకు ఫోన్ చేశాను. "ఫ్రిజ్ వాడారా సార్? అయితే బ్యాటరీ మీరే దించేశారు" అన్నాడు ఆయన. ప్యానెల్ అంకె చెబితే వినలేదు. ఆఖరికి "ఫ్యూజు తీసి తీగ చుట్టి చూడండి" అన్నాడు. పిల్లలు పడుకునే బండిలో! ఎక్కడన్నా షార్టయితే తెగిపోవడానికే ఫ్యూజు ఉండేది. దాని చోట తీగ పెడితే వైరు కాలుతుంది, పక్కనే పరుపులు. ఫోన్ పెట్టేశాను. ఫ్యూజు తీసి చూస్తే నిక్షేపంగా ఉంది.

ఫ్యాన్ ఆపితే ఉక్క, వేస్తే చీకటి. చిన్నది ఏడుపు మొదలుపెట్టింది. మా ఆవిడ పొద్దుటిదాకా నాతో మాట్లాడలేదు. మామయ్య ఒక్కడే టార్చి పట్టుకుని, "ఎడ్లబండ్ల మీద మేడారం పోయినప్పుడు మాకు లాంతరు ఒక్కటే ఉండె" అంటూ పిల్లలకు జాతర కథలు చెప్పి నిద్రపుచ్చాడు.

పొద్దున్నే వెనక్కి ములుగు వచ్చాం. పాతికేళ్ల పిల్లవాడు, రోడ్డు పక్క చిన్న షాపు. "అన్నా, లైట్లు బంద్ జేసి మీటరు పెడితే అంతా మంచిగనే కనవడ్తది. లోడ్ మీద సూడాలె" అన్నాడు. లైట్లు, ఫ్యాన్ వేయించి ముందు బ్యాటరీ టెర్మినళ్ల మీద పెట్టాడు: 12.4. లైటు దగ్గర 9.8. మధ్యలో రెండున్నర వోల్టులు ఎక్కడో పోతున్నాయి. మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది బండి బాడీకి ఆనించగానే ఆ రెండున్నర అక్కడే దొరికింది. ఎర్తు, అంటే బ్యాటరీ నెగటివ్‌ను బండి బాడీకి కలిపే చోటు, సరిగ్గా ఉంటే అక్కడ దాదాపు సున్నా ఉండాలట.

బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, సీటు కింద ఎర్తు బోల్టు విప్పాడు. పెయింటు మీదే బిగించేశారు, లగ్గుకు (వైరు కొసనుండే లోహపు రింగుకు) పచ్చగా చిలుము. లైట్లు, ఫ్యాన్, పంపు అన్నింటి కరెంటూ తిరిగి వెళ్లేది ఆ ఒక్క బోల్టు గుండానే. అందుకే ఒకటి వేస్తే ఇంకొకటి చచ్చిపోయింది. ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, కొత్త లగ్గు, పళ్ల వాషరు వేసి గట్టిగా బిగించి పైన గ్రీజు రాశాడు. అన్నీ ఒకేసారి వేశాం, లైట్లు కదల్లేదు. సామానుతో కలిపి 250. మూడు వందలిస్తే యాభై వెనక్కిచ్చాడు. పక్క హోటల్లో పూరీ ప్లేటు 40, ఆ పూరీల దగ్గరే మా ఆవిడ మళ్లీ నవ్వింది.

పొద్దు సగం రిపేరుకే పోయింది, బొగత జలపాతం మానుకుని వెనక్కి తిరిగాం. హైదరాబాద్‌లో మీటరు వీడియో, పాత లగ్గు రెండూ చూపించాను. ఇప్పుడే నా ముందు బ్యాటరీ పరీక్ష చేయించండి అన్నాను. చేయించలేదు, డబ్బూ ఇవ్వలేదు.

మీరు అద్దె బండి తీసుకుంటే, తాళాలు అందుకునే ముందే ప్లగ్గు పీకించండి. లైట్లు, ఫ్యాన్, పంపు కలిపి పది నిమిషాలు నడిపించి, ప్యానెల్ కనబడేలా వీడియో తీసుకోండి. మసకబారితే ఆ బండి వద్దు.

బొగత చూడలేదని మామయ్య ఇంకా అంటూనే ఉన్నాడు. వానకాలం చివర్లో పోతాం, బండి వేరే వాళ్ల దగ్గర తీసుకుని.