సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి కొనేవాళ్ళు జాగ్రత్త, "పొద్దున్నే రండి" అన్నారంటే ఒకసారి ఆలోచించండి

ఒడిశాలో రాయగడ, గునుపూర్, పర్లాకిమిడి, కొరాపుట్ వైపు ఉన్న మనవాళ్ళం సెకండ్ హ్యాండ్ బండి అనగానే బోర్డర్ దాటి ఆంధ్రా వైపే చూస్తాం, అక్కడ బళ్ళు ఎక్కువ, బేరం మన భాషలో ఆడుకోవచ్చు అని. అలా వెళ్ళే నేను దెబ్బ తిన్నాను. యార్డు పేరు ఇక్కడ రాయను, కంప్లైంట్ నడుస్తోంది, అయినా పేరుతో పనేముంది, వాళ్ళు మాయ చేసే పద్ధతి తెలిస్తే ఏ యార్డులో అయినా పట్టేయొచ్చు.

మాది బట్టల వ్యాపారం, సంతలకి తిరుగుతాం, బుధవారం చటికొన సంత, మిగతా రోజులు మునిగుడ వైపో ఇంకోవైపో. ఏడు సీట్ల డీజిల్ బండి అయితే వెనక సీట్లు మడిచేసి మూటలు వేసుకోవచ్చు, పండగకో పబ్బానికో ఇంటోళ్ళందర్నీ మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్ళొచ్చు అని ఆ బండి మీద మనసు పడింది. యార్డాయన ఫోన్లో ఒకటే మాట, "పొద్దున్నే వచ్చీండి బాబూ, ఎండెక్కితే మీకే ఇబ్బంది" అని. వెళ్ళాం, కీ తిప్పగానే అందుకుంది, ఇంజన్ సౌండ్ కూడా నీట్‌గా ఉంది, పొగ లేదు. మా బావ మాత్రం స్టీరియో చూసి "ఇదేటి, టైము పన్నెండు దాటి ఏడు నిమిషాలు చూపిస్తోంది" అన్నాడు, అప్పుడు ఉదయం ఏడున్నర. బ్యాటరీ ఊడదీస్తే ఆ గడియారం మళ్ళీ పన్నెండు నుంచి మొదలవుతాది, అంటే కాసేపటి ముందే ఎవరో బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి మళ్ళీ పెట్టారన్నమాట. అడిగితే రాత్రి కుర్రోడు లైట్లు ఆపడం మర్చిపోయాడు, ఛార్జింగ్ పెట్టాం అన్నారు. ఇంకో సంగతి, మిగతా బళ్ళన్నీ షెడ్డు కింద వరసగా ఉంటే ఇదొక్కటే గేటు దగ్గర ర్యాంపు మీద పల్లానికి మొహం పెట్టి ఉంది. ఘాట్ రోడ్డులో తిరిగే డ్రైవర్ ఎవరికైనా చూడగానే అర్థమైపోతాది, సెల్ఫ్ మీద, అంటే కీ తిప్పితే ఇంజన్‌ని తిప్పే మోటార్ మీద నమ్మకం లేనోడే, పల్లంలో దొర్లించి స్టార్ట్ చేసుకోవచ్చని బండిని అలా పెడతాడు.

వచ్చేటప్పుడు కూనేరు దగ్గర టీకి ఆపాం, టీ తాగి ఎక్కి కీ తిప్పితే ఠక్ మని ఒక్క సౌండు, అంతే. డాష్‌బోర్డ్ లైట్లు వెలుగుతున్నాయి, హారన్ గట్టిగానే మోగుతోంది, సెల్ఫ్ మాత్రం తిరగట్లేదు. బానెట్ ఎత్తి చూసి, టెర్మినళ్ళు కదిపి, తిట్టుకుని, ఇంజన్ చల్లారాక తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయిపోయింది. అప్పట్నుంచి అదే వరస, పొద్దున్న ఇంటి దగ్గర ఒక్క కీకే అందుకుంటాది, వేడి మీద ఆపితే ఒకసారి స్టార్ట్ అవుతాది, ఒకసారి మొండికేస్తాది. ఎప్పుడూ స్టార్ట్ కాని బండి నయం, ఎక్కడికీ బయల్దేరం కదా, ఇది సంతలో మూటలన్నీ దించి మళ్ళీ ఎక్కించాక మొండికేస్తే ఊరోళ్ళని బతిమాలి తోయించుకోవాలి.

యార్డుకి ఫోన్ చేస్తే తెలిసిన గ్యారేజీకి పంపారు, అసలు దోపిడీ అక్కడే. ముందు బ్యాటరీ పోయింది అన్నారు. మీటర్ పెట్టమంటే పెట్టలేదు, బ్యాటరీ చేత్తో తట్టి "వీక్ అయిపోనాది" అన్నాడు, కొత్త బ్యాటరీ వేయించాం. నాలుగు రోజులు కాకుండానే మళ్ళీ అదే ఠక్. ఈసారి సెల్ఫ్ పోయింది, కంపెనీది కొత్తది వేస్తాం అని బ్యాటరీ కంటే ఎక్కువే వసూలు చేశారు. ఆ "కొత్త" సెల్ఫ్ తర్వాత దగ్గరగా చూశాం, పైన నిగనిగలాడే నల్ల రంగు, స్క్రూ తలల గాట్లలోకి కూడా రంగు దిగిపోయి ఉంది, కేబుల్ కట్టే బోల్టు మూలలు పాత స్పానర్ దెబ్బలకి అరిగిపోయి ఆ అరుగుడు మీదే రంగు కొట్టీసారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పార్టుకి స్క్రూ గాట్లో రంగెందుకుంటాది చెప్పండి. దాని తర్వాత కూడా ప్రాబ్లం అలాగే ఉంటే ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ పోయింది, ముప్పై వేలు అవుతాది అన్నారు, అక్కడితో దండం పెట్టి బండి తీసుకొచ్చేశాం.

చివరికి సాలూరు తీసుకెళ్ళాం, లారీల ఊరు కదా, కరెంటు పని తెలిసిన పెద్ద చేతులు ఇంకా ఉన్నాయి అక్కడ. ఆ మేస్త్రీ గారు బండి ఏమీ విప్పలేదు, ముందు హెడ్‌లైట్లు వేసి కీ తిప్పమన్నారు. సెల్ఫ్ తిరగనప్పుడు లైట్లు బాగా డల్ అయిపోతే బ్యాటరీ వీకో, సెల్ఫ్ పట్టేసి కరెంటంతా లాగేస్తోందో అనుకోవచ్చంట, లైట్లు అలాగే వెలుగుతుంటే బ్యాటరీ కరెంటు సెల్ఫ్ దాకా చేరట్లేదని లెక్క, అంటే కేబులో, సెల్ఫ్‌కి కరెంటు వదిలే స్విచ్చులు రిలేయో, సోలనాయిడో, ఇంజన్ నుంచి బ్యాటరీ మైనస్‌కి కరెంటు తిరిగొచ్చే ఎర్తో చూడాలి. మా బండిలో లైట్లు కొంచెం కూడా తగ్గలేదు. ఆ తర్వాత మల్టీమీటర్ ఒక పిన్ను బ్యాటరీ మైనస్ పోస్టు మీద, రెండోది ఇంజన్ మీద రంగు లేని చోట పెట్టి కీ తిప్పించారు. అక్కడ అర వోల్టు లోపే చూపించాలి, మంచి వైరింగ్ అయితే 0.2 కూడా దాటదు, మాకు రెండు వోల్టుల పైనే చూపించింది. "సెల్ఫు, బ్యాటరీ మార్చి ఏం లాభం బాబూ, ఎర్త్ పోయింది" అన్నారు.

బాడీ నుంచి ఇంజన్‌కి వెళ్ళే ఎర్త్ వైరు పైకి నల్ల టేపు చుట్టి చక్కగానే కనిపిస్తోంది, టేపు విప్పితే లోపల పచ్చగా చిలుం, తీగల్లో సగం తెగిపోయి, వైరు చివర బోల్టుకి బిగించే లగ్గు చేతికి ఊడొచ్చింది. టేపేమో కొత్తది, ఇంకా జిగురు తడి ఆరలేదు, అంటే ఈ ప్రాబ్లం తెలిసినోడే చుట్టాడు. లైట్లు బాగానే ఉండి సెల్ఫ్ ఎందుకు ఆగిపోతాదో ఆయన లెక్క కట్టి చూపించారు, డీజిల్ సెల్ఫ్ తిరగాలంటే రెండొందల ఆంపియర్లు లాగుతాది, ఆ దారిలో 0.01 ఓమ్ అడ్డం ఉంటే చాలు రెండు వోల్టులు అక్కడే పోతాయి, అదే 60 వాట్ల హెడ్‌లైట్ బల్బుకి 5 ఆంపియర్లే కాబట్టి దానికి తేడా తెలీదు. వేడెక్కితే చెడిన జాయింట్లో రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతాది, సెల్ఫ్ లోపల రాగి చుట్టలది కూడా పెరుగుతాది, అందుకే పొద్దున్న బుద్ధిమంతుడిలా ఉన్న బండి మధ్యాహ్నం మొండికేస్తాది. కొత్త కేబుల్, రెండు లగ్గులు, కూలీ అన్నీ కలిపి వెయ్యి రూపాయలు కూడా కాలేదు.

బండి కొనడానికి వెళ్ళేవాళ్ళు ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపి, ఘాట్ ఉంటే ఘాట్ ఎక్కించి, ఆపేసి ఒక పావుగంట టీ తాగి మళ్ళీ కీ తిప్పండి, అలా మూడు నాలుగుసార్లు చేశాకే అడ్వాన్స్ మాట ఎత్తండి. దీనికి తిరకాసు కూడా ఉంది, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాని బండి అయితే మీరెళ్ళేసరికి ముందే వేడి చేసి ఉంచుతారు, కాబట్టి వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. స్టీరియో గడియారం చూడండి. రెండు చివర్లా క్లిప్పులుండే లావు వైరు, అదే జంపర్ కేబుల్ ఒకటి మీ దగ్గర ఉంటే సెల్ఫ్ తిరగనప్పుడు, గేరు న్యూట్రల్లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగి, బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్ ఇనుముకి డైరెక్టుగా తగిలించి కీ తిప్పండి, వెంటనే అందుకుంటే తప్పు ఎర్త్‌దే, అది కనిపెట్టడానికి ఎవడికీ పైసా ఇవ్వక్కర్లేదు. సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజన్ మాత్రం అందుకోకపోతే అది వేరే కథ, డీజిల్ లైన్లో గాలి చేరడమో, క్రాంక్ సెన్సార్ వేడికి మొరాయించడమో అయ్యుంటాది, దానికి స్కానర్ పెట్టించాలి, అప్పుడు కూడా బ్యాటరీ మారుస్తాం అన్నోడిని నమ్మకండి.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. ఏపీ బండి ఒడిశాకి మార్చాలంటే అక్కడి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదనే కాగితం (ఎన్‌ఓసీ), అంటే ఫారం 28, ట్రాన్స్‌ఫర్‌కి ఫారం 29, 30, లోను ఉంటే ఫారం 35 కావాలి, ఇక్కడ ట్యాక్స్ వేరే. సెకండ్ హ్యాండ్ బళ్ళు అమ్మే డీలర్లు 2023 ఏప్రిల్ 1 నుంచి ఆర్టీఓ దగ్గర ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలని రూలు ఉంది, చూపించమని అడగండి, మా యార్డాయన్ని అడిగితే నవ్వాడు.

మోసపోయినవాళ్ళు అవతల రాష్ట్రం కదా ఎవడు తిరుగుతాడులే అని వదిలేస్తున్నారు, వదలకండి. వినియోగదారుల చట్టం 2019 ప్రకారం అమ్మినోడు ఎక్కడున్నా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్లోనే కేసు వేసుకోవచ్చు, కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. బండి వ్యాపారానికి వాడుతున్నావు కాబట్టి నువ్వు వినియోగదారుడివే కాదని అవతలి వాళ్ళు వాదిస్తారు, మాకూ అదే అన్నారు, కానీ సొంత కష్టం మీద పొట్టపోసుకోడానికి వాడుకుంటే చట్టం మనవైపే ఉంది. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసి కంప్లైంట్ రాయించండి. మేం టేపు విప్పేటప్పుడు తీసిన వీడియో, మీటర్ రీడింగు ఫోటో, గ్యారేజీ బిల్లులు అన్నీ పెట్టాం. బిల్లులో సెల్ఫ్‌కి పార్టు నంబర్ రాయలేదు, మా పాత సెల్ఫ్ ఇమ్మంటే స్క్రాపోడికి ఇచ్చీసాం అన్నారు. కాబట్టి మీరు ఏ గ్యారేజీలో ఏం మార్పించినా పాత పార్టు మీ డిక్కీలో పడ్డాకే, పార్టు నంబర్ బిల్లు మీద రాశాకే డబ్బులు తీయండి.